పెద్దింటి నుంచి చిన్న ఫ్లాటుకి: అరవై దాటాక సామాను ఏ వరసలో తగ్గించుకోవాలి

మేం తెనాలిలో ముప్పై రెండేళ్ళున్న డాబా ఇల్లు ఖాళీ చేసి హైదరాబాదులో డబుల్ బెడ్రూం ఫ్లాటుకి వచ్చినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే, "అంత సామాను ఏం చేశారండీ?" అని. విడివిడిగా జవాబు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, మొత్తం ఒకచోట రాస్తున్నాను. మేం చేసిన తప్పులు కూడా ఉంటాయి, అవి మీరు చేయకండి.

ఆరు నెలలు పెట్టుకోండి. రోజుకి రెండు గంటలు, పొద్దున టిఫినయ్యాక. నెల రోజుల్లో ఊడ్చేద్దామనుకుంటే నడుము పట్టేస్తుంది, లేదా చిరాకులో ఉంచాల్సినవి పారేసి పారేయాల్సినవి మోసుకొస్తారు. ఇల్లు మారకుండా ఉన్న ఇంట్లోనే తగ్గించుకుందామనుకునే వాళ్ళు 1, 9 వదిలేసి మిగతావి చదవండి.

1. ముందు టేపు పట్టుకోండి

చాలామంది అటక దించడంతో మొదలుపెడతారు. వద్దు. ముందు వెళ్ళబోయే ఇంటిని కొలవండి. అక్కడ ఎంత పడుతుందో తెలిస్తే సగం వాదనలు అక్కడే తెగిపోతాయి, ఎందుకంటే "ఇది ఉంచుదామా వద్దా" అని మీరూ మీ వారూ పోట్లాడుకోనక్కర్లేదు, పట్టదని టేపే చెప్తుంది.

గళ్ళ కాగితం మీద గది బొమ్మ గీసి, మంచం, బీరువా, సోఫా అదే కొలతకి అట్టముక్కలు కత్తిరించి దాని మీద జరుపుతూ చూడండి. మంచానికి ఒక పక్కన కనీసం రెండున్నర అడుగులు ఖాళీ ఉండాలి, రేపు చేతికర్రో వాకరో వస్తే తిరగడానికి.

కొలవాల్సినవి:
- ప్రతి గది పొడవు, వెడల్పు, తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో
- గుమ్మాల వెడల్పు
- లిఫ్టు లోపలి ఎత్తు, లోతు, తలుపు వెడల్పు
- మెట్ల మలుపు దగ్గర ఎంత జాగా ఉందో
- వంటింట్లో అరలు మొత్తం ఎన్ని, వాటిలో మీ చేతికి అందేవి ఎన్ని

లిఫ్టు కొలవకపోవడం మా మొదటి తప్పు. మా మామగారి టేకు బీరువా లిఫ్టులో పట్టలేదు. మెట్ల మీద రెండో అంతస్తు మలుపు దాకా నలుగురు మోసి అక్కడ ఇరుక్కుపోయి మళ్ళీ దించారు. వాళ్ళకి పైడబ్బులు, గోడకి గీత, బీరువా కాలు విరిగింది. మూడు రోజులు సెల్లారులో ఉండి చివరికి అయినకాడికి పోయింది. అదే తెనాలిలో అమ్మి ఉంటే మంచి ధర వచ్చేది.

2. సామాను ముట్టుకోకముందే కాగితాలు

ఇదే అన్నిటికన్నా పెద్ద పని, అందుకే రెండోది. సామాను కదిలించడం మొదలయ్యాక కాగితం కనపడదు. మా ఇంట్లో ఒక పోస్టాఫీసు పాసుబుక్కు అలమరలో పరిచిన న్యూస్ పేపరు కింద దొరికింది. పేపరు మార్చేవాళ్ళు చుట్ట చుట్టి అవతల పారేసి ఉంటే అంతే సంగతులు.

ఇంట్లో ఉన్న ప్రతి సంచీ, ఫైలు, ట్రంకు పెట్టె లోంచి కాగితాలన్నీ ఒక మంచం మీద పోసి మూడు కుప్పలు చేయండి.

ఎప్పటికీ పారేయకూడనివి:
- ఇంటి, పొలం ఒరిజినల్ దస్తావేజులు, వాటి వెనకటి లింకు డాక్యుమెంట్లు
- పాసుపుస్తకాలు, ఈసీలు (ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ ఏమున్నాయో చూపే రిజిస్ట్రేషను ఆఫీసు పత్రాలు), పన్ను రసీదులు
- పోయినవాళ్ళ మరణ ధ్రువపత్రాలు, వారసుల సర్టిఫికెట్లు
- పెన్షన్ పీపీఓ (పెన్షను మంజూరు ఉత్తర్వు), సర్వీసు కాగితాలు
- ఇన్సూరెన్సు బాండ్లు, ఎఫ్‌డీ రసీదులు, పాత షేరు సర్టిఫికెట్లు

కొన్నాళ్ళు ఉంచాల్సినవి: ఇన్‌కంటాక్సు కాగితాలు (మేం పదేళ్ళవి ఉంచాం), ఆసుపత్రి రిపోర్టుల్లో ఆపరేషన్లవి, పెద్ద జబ్బులవి.

మిగతావన్నీ చింపేయండి. కరెంటు బిల్లులు, 2009 నాటి ఫ్రిజ్ గ్యారంటీ కార్డు, ఎవరివో పెళ్ళి శుభలేఖలు. అకౌంటు నంబరు, ఆధార్ నంబరు ఉన్నవి మాత్రం అలాగే పాత పేపర్ల వాడికి వేయకండి, బకెట్లో నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి పిసికేస్తే పిండైపోతుంది.

ఇక డబ్బు సంగతి. మాకు ఇద్దరికీ కలిపి తొమ్మిది బ్యాంకు ఖాతాలు తేలాయి, అందులో నాలుగు ఎప్పుడు తెరిచామో మాకే గుర్తులేదు. పదేళ్ళు ఎవరూ ముట్టుకోని డిపాజిట్లని బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి పంపేస్తాయి. అంతమాత్రాన డబ్బు పోయినట్టు కాదు, అడిగితే ఇస్తారు. అలాంటివి వెతకడానికే రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ అనే పోర్టల్ పెట్టింది, పేరూ పాన్ నంబరూ వేసి చూసుకోవచ్చు. డివిడెండు ఏడేళ్ళు వరసగా తీసుకోని పాత షేర్లు ఐఈపీఎఫ్ అనే కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్తాయి, వాటికి క్లెయిము వేరే వేయాలి, ఓపిక కావాలి.

చేయాల్సిన వరస:
- ఖాతాలు రెండుకి తగ్గించండి. ఒకటి పెన్షనుకి, ఇంకొకటి ఖర్చులకి. ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగే జాయింటు ఖాతా అయితే మంచిది.
- ప్రతి ఖాతాకీ, లాకరుకీ, ఎఫ్‌డీకీ నామినీ ఉందో లేదో అడిగి రాయించుకోండి. "అప్పుడెప్పుడో ఇచ్చాం" అన్నది లెక్కలోకి రాదు. మా వారి ఒక ఎఫ్‌డీకి నామినీగా ఇంకా మా అత్తగారి పేరుంది, ఆవిడ పోయి పద్నాలుగేళ్ళు.
- 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురు దాకా నామినీలని పెట్టుకోవచ్చు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరి పేర్లూ రాయండి.
- ఈ జాబితా అంతా ఒక చేతిరాత నోటుబుక్కులో. పాస్‌వర్డులు అందులో వద్దు.

నామినీ అంటే హక్కుదారుడని చాలామంది అనుకుంటారు. మామూలుగా బ్యాంకు డబ్బు విషయంలో నామినీ పని ఆ డబ్బు చేతికి తీసుకుని అసలు వారసులకి అందించడమే. ఎవరికి ఏది అన్నది వీలునామాలో ఉండాలి. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు (చేయిస్తే రేపు గొడవలు తక్కువ). ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం కావాలి, ఆ ఇద్దరూ ఆస్తి వచ్చేవాళ్ళు కాకుండా చూసుకోండి.

ఇల్లు ఖాళీ చేసే ఊపులో పిల్లల పేర గిఫ్ట్ డీడ్ రాసేద్దామనిపిస్తుంది. తొందరపడకండి. రాయాల్సే వస్తే, మమ్మల్ని చూసుకోవాలి అన్న షరతు డీడ్‌లోనే స్పష్టంగా రాయించండి. 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టంలో 23వ సెక్షను కింద డీడ్ రద్దు చేయమని అడగాలంటే ఆ షరతే ఆధారం. పిల్లల మీద నమ్మకం లేక చెప్పడం లేదు, కాగితం కాగితమే.

3. ఏ గది ముందు, ఏది ఆఖర్న

మనసుకి అంటనివి ముందు, అంటుకున్నవి ఆఖర్న. ఫోటోల ఆల్బం మొదటిరోజే తెరిచారంటే ఆ వారం అంతే.

మా వరస: మందుల డబ్బా, బాత్రూం అర, మెట్ల కింద కొట్టు, వంటిల్లు, బట్టలు, పుస్తకాలు, అటక, దేవుడి గది, చివరగా ఫోటోలు, ఉత్తరాలు.

ప్రతి గదిలో నాలుగు కుప్పలు పెట్టండి: వెంట వచ్చేవి, మనవాళ్ళకి ఇచ్చేవి, అమ్మేవి లేదా బయటివాళ్ళకి ఇచ్చేవి, పారేసేవి. ఎటూ తేలనివాటికి ఇల్లంతటికీ కలిపి ఒకే ఒక్క అట్టపెట్టె. అది నిండితే కొత్తది పెట్టాలంటే పాతది తీయాలి. ఈ ఒక్క నియమం లేకపోతే తేలనివే లారీ నిండా అవుతాయి.

అటక మీదకి మీరు ఎక్కొద్దు. నిచ్చెన మీద కూడా వద్దు. ఒక కుర్రాణ్ణి రెండు పూటలకి మాట్లాడుకుని అన్నీ కిందకి దింపించి, మీరు కుర్చీలో కూచుని చెప్పండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, మూటలు విప్పేముందు కర్రతో తట్టించండి, మా అటక మీద తేలు ఉంది.

4. వంటిల్లు

ఇద్దరికి ఏం కావాలో లెక్క వేసి, దానికి నలుగురు చుట్టాలని కలపండి. అంతే. మాకు ఆరు కంచాలు, ఎనిమిది గ్లాసులు, రెండు కుక్కర్లు, ఇడ్లీ పాత్ర, మూడు గిన్నెలు, ఒక బాణలి, పోపుల పెట్టె, కాఫీ ఫిల్టరు. ఇంట్లో తేలిన కుక్కర్లు ఐదు. గ్యాస్కెట్లు మాత్రం ఒక్కదానికీ సరిగ్గా లేవు.

మినప్పిండి రుబ్బుకోడానికి పాత పెద్ద గ్రైండరు ఎత్తలేని వయసొచ్చింది, చిన్న టేబుల్ టాప్ చాలు. జాడీలు ఆరు ఉండేవి, ఆవకాయకి ఒకటి, మాగాయకి ఒకటి ఉంచుకున్నాను. ఏటా ఇరవై కాయ పెట్టేదాన్ని, ఇప్పుడు ఐదు కాయ పెడితే మిగులుతోంది.

ఇత్తడి, రాగి, కంచు దగ్గరే అందరూ మోసపోయేది. వీధిలోకి వచ్చేవాడు అన్నీ కలిపి ఒక తూకం వేసి ఇత్తడి ధర కట్టేస్తాడు. రాగికీ కంచుకీ ధర వేరు. కాబట్టి:

- మూడూ విడివిడిగా కుప్పలు పెట్టండి
- వేలాడదీసే స్ప్రింగు కాటా కొనుక్కుని ఇంట్లోనే తూచి రాసుకోండి
- కనీసం మూడు పాత్రల కొట్లలో ఆరోజు కిలో ధర అడగండి
- కొత్త స్టీలు గిన్నెలతో మార్పిడికి ఒప్పుకోకండి, తగ్గించుకోడానికే కదా ఇదంతా
- అమ్మేముందు ప్రతి పాత్రనీ తిరగేసి చూడండి

తిరగేయమన్నది ఎందుకంటే, నేను తూకానికి వేసిన కుప్పలో ఒక చిన్న ఇత్తడి బిందె ఉంది, నల్లగా మసిపట్టి. చింతపండు పెట్టి కాస్త తోమి చూస్తే మెడ కింద చుక్కలు చుక్కలుగా మా అమ్మమ్మ పేరు, పక్కనే ఆవిడ పుట్టింటి ఊరి పేరు. సారెలో వచ్చిందన్నమాట. దాన్ని వెనక్కి తీసుకున్నాను. గంగాళం మాత్రం ఇచ్చేశాను, అది ఫ్లాటు బాత్రూం తలుపులోంచే పట్టదు. ఒక తరం నుంచి ఒక వస్తువు చొప్పున చాలు అనుకున్నాం, అది కూడా వాడుకునేదైతేనే. ఇప్పుడా బిందెలో తాగేనీళ్ళు పోస్తున్నాను.

5. బట్టలు, పట్టుచీరలు

రెండేళ్ళలో కట్టనివన్నీ బయటికి. నాకు నూట పదహారు చీరలు లెక్క తేలాయి, సిగ్గేసింది. నలభై ఉంచాను. ఇంకా ఎక్కువే.

పాత పట్టుచీరల్లో జరీ అసలు వెండిదైతే దానికి విలువ ఉంటుంది. గుమ్మం ముందుకొచ్చి "పాత పట్టుచీరలు కొంటాం" అనేవాళ్ళకి అడిగిందే తడవుగా ఇచ్చేయకండి, ముందు నమ్మకమైన దుకాణంలో జరీ చూపించండి. మడతల దగ్గర చిరుగు పట్టినవి అంచులు తీసి మనవరాళ్ళకి లంగాలకి కుట్టించొచ్చు.

ఏ బట్టయినా ఇచ్చేముందు మడత విప్పి దులపండి. నా వెంకటగిరి చీర మడతలో నాలుగు వెయ్యి రూపాయల నోట్లు బయటపడ్డాయి. 2016లోనే రద్దయిపోయినవి. మా వారు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

6. పుస్తకాలు, దేవుడి పటాలు, బొమ్మలు, ఫోటోలు

పుస్తకాలు ఊళ్ళో గ్రంథాలయానికి ఇద్దామనుకుంటే ముందు వెళ్ళి అడగండి, వాళ్ళకి ఉన్నవే మళ్ళీ ఇస్తే మూలపడతాయి. పేర్ల జాబితా రాసి తీసుకెళ్తే ఏవి కావాలో వాళ్ళే టిక్కు పెట్టారు. సీరియళ్ళు చింపి బైండు చేయించుకున్న పాత వారపత్రికలుంటే తూకానికి వేయకండి, వాటిని వెతికి కొనుక్కునేవాళ్ళుంటారు.

దేవుడి పటాలు రావిచెట్టు కింద పెట్టి రావడం మానండి. అద్దం, చెక్క ఫ్రేము, మేకులు విడదీసి, లోపలి కాగితం ఒక్కటే మీ ఆచారం ప్రకారం నిమజ్జనమో, చెట్టు మొదట్లో పూడ్చడమో చేయండి. మాకు ఇరవై మూడు పటాలుండేవి, అందులో ఐదు వెంకటేశ్వరస్వామివే. ఒకటి ఉంచాం.

బొమ్మల కొలువు తొమ్మిది మెట్లది మూడు మెట్లయింది. రంగు పోయిన ప్లాస్టిక్కువి తీసేసి, కొండపల్లివి ఉంచుకున్నాను.

ఫోటోల సంగతి కొంచెం నెమ్మదిగా. జిగురు పేజీల ఆల్బంలో ఫోటోలు అంటుకుపోయి ఉంటే లాగకండి, చిరుగుతాయి. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారం (డెంటల్ ఫ్లాస్) వెనకనుంచి దూర్చి మెల్లగా కోస్తున్నట్టు జరిపితే ఊడొస్తాయి. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట ఫోనుతో తీసుకోండి, ఫ్లాష్ వద్దు. వెనక పేర్లు పెన్సిలుతోనే రాయండి, బాల్ పెన్ను నొక్కు ముందువైపుకి తేలుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ పని ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళని పక్కన కూచోబెట్టుకుని చేయండి. మా పెద్దాడపడుచు గారికి 84. ఒక పెళ్ళి ఫోటోలో పదకొండుమంది ఆడవాళ్ళలో తొమ్మిదిమందిని ఆవిడ ఒక్కరే గుర్తుపట్టారు.

7. పిల్లల్ని ఎలా అడగాలి

అడిగే పద్ధతిలోనే సగం గొడవ. "ఇది కావాలా? నీకు చిన్నప్పుడు ఇందులోనే పాలు పట్టేదాన్ని" అంటే ఏ పిల్లలైనా ఏమంటారు? మొహమాటానికి సరేనంటారు, తర్వాత అది మన దగ్గరే ఉండిపోతుంది.

- ఒక్కో వస్తువుకి నంబరు చీటీ అంటించి ఫోటో తీయండి
- కుటుంబం గ్రూపులో ఒకేసారి పెట్టి పదిహేను రోజులు గడువు చెప్పండి
- జవాబు రాకపోతే వద్దన్నట్టే, మళ్ళీ అడగొద్దు
- ఒకే వస్తువు ఇద్దరడిగితే చీటీలు వేయండి
- బంగారం, వెండి ఈ జాబితాలో కలపకండి, అది ఎదురుగా కూచుని మాట్లాడుకునేది

అమెరికాలో ఉన్నవాళ్ళు ఇరవై మూడు కిలోల పెట్టెలో ఏం పట్టుకెళ్తారు? మా కోడలు కవ్వం, పోపుల గరిటె, మా అమ్మాయి వాళ్ళ నాన్న రాసిన పద్దుల పుస్తకం అడిగారు. నేను రోజ్‌వుడ్ టీపాయి గురించి ఆలోచిస్తూ కూచున్నాను.

ఇంకొకటి. మన ఇంట్లో ఉన్న పిల్లల సామాను. మా అబ్బాయి ఇంజనీరింగు పుస్తకాలు, షటిల్ బ్యాట్లు, ఇంటర్ మార్కుల మెమోలు, అన్నీ కలిపి రెండు ట్రంకు పెట్టెలు. వీడియో కాల్లో కూచోబెట్టి వాడి చేతే తేల్పించాం. సర్టిఫికెట్లు మిగిలాయి, అవి మేం వచ్చేటప్పుడు చేత్తో పట్టుకొచ్చాం.

8. అమ్మేవి, ఇచ్చేవి

టేకుకి ధర వస్తుంది, ప్లైవుడ్డుకి రాదు. ఎంతకి కొన్నామో మర్చిపోండి, లేకపోతే ఒక్క కుర్చీ కూడా అమ్మలేరు.

పనిమనిషికి ఇచ్చేటప్పుడు ఏం కావాలో అడిగి ఇవ్వండి. వాళ్ళింట్లోనూ జాగా ఉండాలి. పాడైన మిక్సీ ఇచ్చి దానం చేశామనుకోవద్దు. మంచం ఇస్తే ఆటో ఖర్చు కూడా మీరే ఇవ్వండి.

పాత ఫోన్లు, కంప్యూటర్లు ఇచ్చేముందు సిమ్ము, మెమరీ కార్డు తీసి, ఫోను మొత్తం రీసెట్ చేయించండి. డొక్కు టీవీలు, బ్యాటరీలు చెత్తబండికి కాకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇవ్వాలి.

9. కదిలే వారం

సామాను తరలించేవాళ్ళని కనీసం ముగ్గుర్ని ఇంటికి పిలిచి చూపించి ధర రాయించుకోండి. ఫోనులో చెప్పిన ధర లారీ ఎక్కాక మారుతుంది, మాకు మారింది. పెట్టెలకి నంబర్లు వేసి, ఏ పెట్టెలో ఏముందో మీ దగ్గర ఒక కాగితం ఉంచుకోండి.

లారీలో వేయకుండా మీ చేతిసంచీలో ఉండాల్సినవి:
- కాగితాల ఫైలు, బంగారం, తాళాలు
- పదిహేను రోజుల మందులు, చీటీలు, బీపీ మిషను, రెండో కళ్ళజోడు
- ఫోను చార్జర్లు
- కాఫీ ఫిల్టరు, పొడి, పాలు పొంగించడానికి చిన్న గిన్నె

ఆ ఆఖరిది ఏ పెట్టెలో ఉందో తెలియక నేను కొత్త ఇంట్లో పక్కవాళ్ళ గిన్నె అడిగి పాలు పొంగించాను.

అడ్రసు మార్పులు: ఆధార్, బ్యాంకు, ఇన్సూరెన్సు. ఓటుకి ఫారం 8. గ్యాస్ కనెక్షను బదిలీకి మొదట ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచరు కావాలి. పాత ఇంటి కరెంటు, నీటి బిల్లులు ఆఖరి రీడింగు దాకా కట్టి రసీదు తీసుకోండి. పెన్షనుదారులు లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోకండి. కేంద్ర పెన్షనైతే నవంబరులో, 80 దాటితే అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు, రాష్ట్ర పెన్షను గడువు మీ ట్రెజరీలో అడగండి. జీవన్ ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) అయితే ఫోనులో మొహం చూపించి ఇంట్లోంచే చేయొచ్చు.

10. కొత్త ఇంట్లో మూడు నెలలు

కొత్త ఫర్నిచరు కొనకండి. ఖాళీగా ఉన్న గోడ మూడు నెలలు ఖాళీగానే ఉండనీయండి. కొనాల్సింది బాత్రూంలో పట్టుకునే కడ్డీ, జారని మ్యాటు, మంచం పక్కన రాత్రి దీపం.

ఆడపడుచు ఇంట్లోనో తమ్ముడి గోడౌనులోనో "కొన్నాళ్ళు పెట్టుకో" అని సామాను వదిలి రాకండి. మేం ఒక సోఫా అలా వదిలి వచ్చాం, ఇప్పుడది వాళ్ళకీ మాకూ మధ్య మాట్లాడకూడని విషయమైంది.

ఇద్దరిలో ఒకరు ఏదీ వదలనంటే వాళ్ళకి ఒక అర పూర్తిగా ఇచ్చేయండి, అందులో ఏం పెట్టుకున్నా రెండోవాళ్ళు అడగకూడదు. మా వారి అరలో పనిచేయని ట్రాన్సిస్టరు, మూడు పాత టార్చిలైట్లు, ఒక సైకిలు బెల్లు ఉన్నాయి.

మూడు నెలలయ్యాక ఇంకా విప్పని పెట్టెలు బయటికి తీసి, తెరవకముందే అందులో ఏముందో గుర్తున్నంతవరకు కాగితం మీద రాయండి. గుర్తురానివి ఇచ్చేయొచ్చు, ఫైళ్ళు, ఫోటోలు ఉన్నాయేమో ఒకసారి చూసుకుని. మా తేలనివాటి పెట్టె గురించి నేను రాసింది రెండే రెండు: అమ్మ చేతి కుట్టు దుప్పటి, చక్కిలాల గొట్టం. తెరిస్తే ఆ రెండూ, వాటితో పాటు ఇంకో ముప్పై వస్తువులు ఉన్నాయి. దుప్పటి మంచం మీదకి వచ్చింది, గొట్టం వంటింట్లోకి. పెట్టె వాచ్‌మన్ తీసుకెళ్ళాడు.